పేర్లు లేని ఆలస్యాలు

2022 వేసవి నాటి మాట. నేను కర్నూలులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. ఎక్కువగా చెప్పే పాఠం సిమ్యులేషన్. ఒక పనిని నిజంగా చేసి చూడటం కష్టమో ప్రమాదమో అయినప్పుడు, దాన్ని కంప్యూటర్లో వేలసార్లు జరిపించి, ఏమవుతుందో ముందే అంచనా వేస్తాం. కాలేజీలో అది పరీక్ష కోసం చదివే పాఠం. ఆ వేసవిలో మాత్రం దాన్ని తీసుకెళ్లి మనుషుల మీద వాడాను.

పద్మజ నాతోపాటు కర్నూలులో ఇంటర్ చదివి డాక్టరయింది. ఆ ఏడాది మొదట్లో రాయచోటి వైపు ఒక చిన్న పట్టణంలో, దాతల సాయంతో నడిచే డయాలసిస్ కేంద్రానికి ఇన్‌చార్జిగా చేరింది. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మిషన్లో శుభ్రం చేసి తిరిగి ఎక్కించే చోటు అది. ఆరు మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు. ఒక్కొక్కరికి నాలుగు గంటలు, వారానికి మూడు వంతులు. పొద్దున ఆరుకు మొదటి షిఫ్టు, పదకొండుకు రెండోది, సాయంత్రం నాలుగుకు మూడోది.

"మూడో షిఫ్టువాళ్లను చూడలేకపోతాండా రజియా," అంది ఒకరోజు ఫోన్లో. "పొద్దున ఎవరో ఒకరిద్దరు లేటుగా వస్తారు. వాళ్లు దిగేదాకా రెండో షిఫ్టువాళ్లు ఎక్కలేరు. అట్ల జరిగి జరిగి మూడో షిఫ్టుకు ఆఖరి బస్సు తప్పిపోతాంది. చేతికి కట్టుతో బస్టాండు బెంచీల మీద పడుకుంటాండారు. వాళ్లలో డెబ్బై ఏళ్ల వాళ్లుండారు."

ఆమె ఒక నియమం పెడదామనుకుంటోంది. అరగంట కంటే ఆలస్యమైతే ఆ పూట వంతు పోతుంది. పట్నంలోనే ఉండే వెయిటింగ్ లిస్టు రోగిని పిలిచి ఆ మిషను ఇస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఎక్కడైనా ఖాళీ దొరికితే సరి, లేకపోతే తర్వాతి వంతుదాకా ఆగాల్సిందే.

"కానీ భయంగా ఉంది. ఒక్కటి తప్పితే తట్టుకుంటారు. వరసగా రెండు తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అట్ల ఎంతమందికి జరగొచ్చో నువ్వు లెక్కగట్టి చెప్పగలవా?"

చెప్పగలనన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

లెక్కకు ముందుగా కావలసింది, ఎవరు ఎంత ఆలస్యంగా వస్తున్నారన్న సమాచారం. అక్కడి టెక్నీషియన్ పేరు మస్తాన్. పొద్దునే తాళం తీసేదీ, రోగులకు సూదులు పెట్టేదీ, మిషన్లు కడిగేదీ అతనే. రిజిస్టరు ముందు పెట్టుకుని ఆరు నెలల టైములన్నీ టైపు చేసి పంపాడు. పేర్లు వద్దు, టైములు చాలని నేనే చెప్పాను. రోగుల వివరాలు బయటివాళ్ల చేతికి రాకూడదన్నది నా ఉద్దేశం. ఉద్దేశం మంచిదే.

ఇక్కడ నా వృత్తి గురించి కొంచెం చెప్పాలి. కంప్యూటరు మామూలుగా ఇచ్చే ర్యాండమ్ నంబరు ఒకే రకం. సున్నాకూ ఒకటికీ మధ్య ఏదో ఒక అంకె, ఎటూ మొగ్గు లేకుండా. మనుషుల ఆలస్యాలు అలా ఉండవు. చాలామంది ఐదు పది నిమిషాల తేడాలో వచ్చేస్తారు, కొద్దిమంది గంట ఆలస్యం చేస్తారు. అందుకని ఆ ఉత్త అంకెను, నిజం ఆలస్యాల తీరు ఉన్న అంకెగా మార్చుకోవాలి. అలా మార్చగా వచ్చినదాన్ని ర్యాండమ్ వేరియేట్ అంటారు. మార్చే పద్ధతులు చాలా ఉన్నాయి. మా సిలబస్‌లో సగం అదే.

మొదట తొందరపడి నార్మల్ కర్వ్ వాడాను. అది సగటు దగ్గర ఎత్తుగా ఉండి రెండు పక్కలా సమానంగా వాలిపోయే గీత. కంప్యూటరు తయారుచేసిన ఒక రోజు రాకపోకల పట్టీ మస్తాన్‌కు పంపి, నిజంలాగే ఉందా అని అడిగాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"మేడం, దీంట్లో ఒకాయప్ప ఐదుకే వచ్చినట్టుండాది. తాళం నా దగ్గరుండాది. అంత పొద్దున వచ్చి యాడ కూచుంటాడు?"

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. గీత రెండు పక్కలా సమానంగా వాలుతుంది కాబట్టి, గంట ఆలస్యంగా వచ్చేవాళ్లతో పాటు గంట ముందొచ్చేవాళ్లనూ కంప్యూటరు పుట్టించింది. ఆ గీతను వదిలేసి ఇన్వర్స్ ట్రాన్స్‌ఫామ్ పద్ధతికి వెళ్లాను. పేరు పెద్దదే గానీ పని తేలిక. రిజిస్టరులోని ఆలస్యాలన్నిటినీ చిన్నదానినుంచి పెద్దదాని వరకు ఒక వరసలో నిలబెట్టాలి. కంప్యూటరు సగం అన్న అంకె ఇస్తే, వరసలో సరిగ్గా నడిమధ్య ఉన్న ఆలస్యం తీసుకోవాలి. పదింట తొమ్మిది వంతులంటే అంత దూరం నడిచి అక్కడున్నది తీసుకోవాలి. నిజంగా జరిగినవే ఈ పద్ధతిలో తిరిగి వస్తాయి. అందుకే అదంటే నాకు ఇష్టం.

ఈసారి పట్టీ చూసి మస్తాన్ "అచ్చం మా రిజిస్టరే మేడం" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. మొత్తం ముప్ఫయ్యారు మంది రోగులకు, ప్రతి వంతుకూ ఒక్కో ఆలస్యం తీస్తూ, వెయ్యి నెలలు నడిపించాను. నియమం పెడితే మూడో షిఫ్టు దాదాపు రోజూ వేళకు ముగుస్తోంది. పాతిక వంతుల్లో ఒకటి పోతోంది. అంటే ఒక్కో రోగికి రెండు నెలలకోసారి. ఒకే మనిషికి వరసగా రెండు తప్పడం మాత్రం పాతికలో పాతికో వంతు, అంటే ఒక్కో రోగికి నాలుగేళ్లకోసారి.

"ఏదో పొద్దు ఒకరికి జరగొచ్చు. దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలు," అని పద్మజకు చెప్పాను.

ఆమె ఊపిరి పీల్చుకుంది. మే మొదటి వారంలో నియమం గోడమీద అంటించారు.

మూడు వారాలకు మస్తాన్ ఫోన్ చేశాడు. నేను ఇన్విజిలేషన్‌లో ఉండి తీయలేదు. వరండాలోకి వచ్చి నేనే చేశాను.

"మేడం, ఓబులేసును ఈడ్నుంచే కడప ఆస్పత్రికి తీసకపోయినారు. ఆయాసం. పడుకోల్యాడు, కూచోల్యాడు. వరసగా రెండు వంతులు తప్పినాయి."

ఓబులేసు ఎవరో నాకు తెలియదు. అయ్యో అని, "దురదృష్టం మస్తాన్, అలా చాలా అరుదుగా..." అంటున్నాను.

"అరుదు కాదు మేడం. తొమ్మిది వంతుల్లో నాలుగు పోయినాయి ఆయప్పకు. వాళ్ల ఊరినుంచే వచ్చే ఖాదర్‌బీకి మూడు పోయినాయి. ఇంకొకాయన వంతుకు ముందురోజే వచ్చి చుట్టాలింట్లో పడుకుంటాండాడు కాబట్టి సరిపోయింది. ముగ్గురిదీ ఒకటే బస్సు."

"ముందునుంచీ లేటయ్యేది వీళ్లేనా?" అని అడిగాను.

"వాళ్లే. ముందు నేను మిషను ఆపి పెట్టేవాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు టైములు అడిగినారు, పంపించినా. ఎవురని అడగలేదు. కంప్యూటరు చెప్పిందంటే ఇవన్నీ దాంట్లో ఉంటాయేమో అనుకున్యా."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా అలాగే అనుకున్నాడు.

ఆ రోజే పద్మజ గోడమీది కాగితం చించేసింది. నేను మరుసటిరోజు సెలవు పెట్టి కడప బస్సెక్కాను. దారి పొడుగునా కాగితం మీద లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ముప్ఫయ్యారు మందిలో ముగ్గురికి, రెండింట ఒక వంతు పోతే, మొత్తం మీద చూసినప్పుడు దాదాపు పాతికలో ఒకటే అవుతుంది. నా అంకె సరిగ్గానే ఉంది. నేను ఆ ముగ్గురి ఆలస్యాన్ని తీసి ముప్ఫయ్యారు మందికీ తలాకాస్త పంచాను. ప్రతి వంతుకూ కొత్తగా అంకె తీస్తే, నిన్న ఆలస్యమైన మనిషికి ఇవాళ కూడా అవుతుందన్న సంగతి కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? ఆలస్యాల తీరు దిద్దుకున్నాను, అవి ఎవరివో చూడలేదు.

వార్డులో ఓబులేసు ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. నలభై ఐదేళ్లుంటాయేమో. వంతు లేని రోజుల్లో బేల్దారి పనికి పోయేవాడట. గోడలు కట్టిన చేతులు మంచం మీద ఉబ్బిపోయి ఉన్నాయి. పక్కనే అతని భార్య లక్షుమ్మ తడిగుడ్డతో అతని పెదవులు తుడుస్తోంది. నేనెవరో చెప్పాను. ఆమెకు అర్థమయింది నేను ఆస్పత్రి తరఫు మనిషినని మాత్రమే.

"నీళ్లు ఎక్కువ తాగినాడని డాక్టర్లు తిడతాండారమ్మా," అంది. "రోజుకు రెండు గ్లాసులకు మించి ఇయ్యలేదు నేను. ఎండకు నాలిక పిడచగట్టుకపోతాంటే ఐసు ముక్క పెట్టినా, అంతే. మిషను ఎక్కక పాయె, నీళ్లు యాడికి పోతాయి?"

"ఆలస్యమవుతోందని, షిఫ్టు మార్చమని అడగలేదా?"

ఆమె భర్త వైపు చూసింది. అతను మాస్కు కొంచెం జరిపి, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు.

"ఈ వంతు దొరకడానికే ఏడు నెల్లు ఆగినా మేడం. అడిగితే... ఉండేది గూడా పోతాదేమో అని."

మాస్కు మళ్లీ సర్దుకున్నాడు. ఈ స్థితికి నేనూ ఒక కారణమని చెబుదామనే అంత దూరం వచ్చాను. అది చెప్పకుండా, ఇంటికి ఎప్పుడు పంపుతారని మాత్రం అడిగాను. లక్షుమ్మ నాకోసం స్టూలు జరిపింది. అరగంట కూర్చుని వచ్చేశాను.

రెండు వారాలకు అతను ఇంటికి చేరాడు. కాలేజీకి వేసవి సెలవులిచ్చారు. నేను పద్మజ ఇంట్లో దిగి, ఒక సాయంత్రం వాళ్ల ఊరి బస్సెక్కాను. రాత్రికి ఊళ్లోనే ఆగి తెల్లవారుజామున పట్నానికి బయల్దేరే బస్సు అది. లక్షుమ్మ ఇంట్లోనే పడుకున్నాను. తెల్లవారకముందే ముగ్గురు రోగులతో కలిసి వేపచెట్టు కింద బస్సులో కూర్చున్నాను. బయల్దేరి పది నిమిషాలు కాకముందే ఒక తోట దగ్గర ఆగింది. పైకి టమేటా గంపలు ఎక్కిస్తున్నారు. ఒకటి, రెండు, ఎనిమిది, పన్నెండు. ఇంకో మైలు పోయాక మళ్లీ ఆగింది.

నేను ముందుకు వెళ్లి, బస్సులో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లున్నారని డ్రైవరుకు చెప్పాను.

"తెలుసు మేడం, ఓబులేసు నాకు ఎప్పట్నుంచో తెలుసు," అన్నాడతను. "ఈ గంపలు పొద్దున మండీ వేలం పాటకు అందకపోతే ఆ తోట యమ్మ కోతంతా కుళ్లిపోతాది. ఈ రూట్లో ఇంకో బండి లేదు. నిలబెట్టక ఏంజేయాల చెప్పండి?"

వెనక్కి వచ్చి ఓబులేసు పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. అప్పుడు చెప్పాను, ఆ అరగంట నియమం మంచిదేనని లెక్కగట్టి చెప్పింది నేనేనని. సిమ్యులేషన్ అంటే ఏమిటో నాకు వచ్చినంత తేలిక మాటల్లో చెప్పాను. అందరి ఆలస్యాలూ ఒక సంచిలో పోసి, ఎవరికి ఏది వస్తే అది అని పంచానన్నాను. అతను శ్రద్ధగా విన్నాడు. కోపం వస్తుందని చూశాను.

"అంటే ఆ లెక్కలో నేను లేను," అన్నాడు చివరికి.

"లేరు."

"ఇప్పుడు ఏస్తారా మేడం, నన్ను?"

ఆ పొద్దు ఏడుకు పది నిమిషాలుండగా బస్సు బస్టాండులో ఆగింది. వాళ్ల ఆరు గంటల షిఫ్టు మొదలై అప్పటికి యాభై నిమిషాలు.

ఆ వారమంతా పద్మజ డైనింగ్ టేబుల్ మీద కొత్త లెక్క వేశాను. ఈసారి మస్తాన్ పేర్లకు బదులు ఒక్కో రోగికి ఒక్కో నంబరు వేసి ఇచ్చాడు. మొదటే అడిగి ఉంటే ఐదు నిమిషాల పని. ఎవరి ఆలస్యాలు వాళ్లకే వరసలు కట్టాను. పట్నంలో ఉండేవాళ్ల వరసల్లో అన్నీ చిన్న ఆలస్యాలే. ఇక ఆ ముగ్గురికీ విడివిడిగా అంకెలు తీయడం కూడా తప్పే, ఎందుకంటే బస్సు ఒక్కటే. బస్సు కోసం రోజుకు ఒకే అంకె తీసి దాన్ని ముగ్గురికీ ఇచ్చాను. టమేటా కోతల నెలలకు ఒక వరస, మిగతా నెలలకు ఇంకొకటి. ఆ నియమంతో మళ్లీ నడిపితే, వరసగా రెండు వంతులు తప్పడం ప్రతి నెలా ఎన్నోసార్లు వచ్చింది. ప్రతిసారీ అవే మూడు నంబర్లు. నా వెయ్యి నెలల్లో ఒక్కసారైనా ఇలా అవే నంబర్లు తిరిగి రావడం చూసి ఉంటే, ఆ కాగితం గోడెక్కేది కాదు.

నియమం తీసేసి, ఆ ముగ్గురినీ రెండో షిఫ్టుకు మార్చి నడిపి చూశాను. ఏడుకు బస్సు దిగినా, ఎనిమిదికి దిగినా పదకొండుకు మిషను ఎక్కవచ్చు. మూడున్నరకు మిషను దిగితే నాలుగున్నర బస్సుకు ఊరికి పోవచ్చు. మూడో షిఫ్టు కూడా దాదాపు వేళకే ముగుస్తోంది, ఎవరి వంతూ పోవడం లేదు. కావలసిందల్లా రెండో షిఫ్టులో ఉన్న ముగ్గురు పట్నంవాళ్లు పొద్దున ఆరుకు రావడానికి ఒప్పుకోవడం.

ఇద్దరు వెంటనే సరేనన్నారు. మూడో ఆయన బాషా, మటన్ అంగడి ఆయన. కుదరదన్నాడు.

"పొద్దున ఆరునుంచి పదిదాకానే మేడం నా బేరం. ఆ యాళకు మిషన్లో పడుకుంటే అంగడికి ఎవురొస్తారు?"

ఆయన మాటలోనూ న్యాయముంది. నేను బతిమాలలేదు. పద్మజ కూడా బలవంతం చేయనంది. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడోరోజు మిషను మీద పడుకుని ఉండగానే ఆయన మస్తాన్‌ను పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఆ పొద్దు ఆయప్పను ఈడ్నుంచి మోసకపోతాంటే నేను సూసినా కదప్పా. నోరు తెరుచుకొని గాలి కోసం కొట్టుకుంటాండె. కన్ను మూస్తే అదే కనపడతాండాది. సరే, ఆరుకే వస్తాలే. అంగడి మా తమ్ముడు తీస్తాడు."

జూన్ ఆఖరి వారంనుంచి మార్పు అమల్లోకి వచ్చింది. నా కంప్యూటరు చెప్పినంత చక్కగా జరగలేదు గానీ చాలావరకు జరిగింది. బస్టాండులో పడుకోవడం ఆగింది. వానాకాలంలో ఒకసారి వంక పొంగి ఆ బస్సు అసలే రాలేదు. దానికి నా వరసలో అంకె లేదు. ఆ రోజు మస్తాన్ తన స్నేహితుడి జీపు మాట్లాడి, చుట్టుదారిన ముగ్గురినీ తెప్పించాడు.

ఓబులేసు ఇప్పటికీ వంతులకు వస్తున్నాడు. బేల్దారి పనికి మాత్రం మళ్లీ పోలేదు. గుండె బలహీనపడింది, తట్ట ఎత్తితే ఆయాసం. ఇప్పుడు లక్షుమ్మ ఆ టమేటా తోటలకే కోతకు పోతుంది. ఆ నాలుగు వంతులు తప్పినందువల్లే గుండె అలా అయిందా, లేక జబ్బు ముందునుంచే ఉందా అని పద్మజను అడిగాను. "చెప్పలేను రజియా. ఎవరూ చెప్పలేరు," అంది. నన్ను ఊరడించడానికి అబద్ధం చెప్పనందుకు ఆమె మీద గౌరవం పెరిగింది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

మా పనిలో ఎవరూ పెద్దగా ఆలోచించకుండా రాసే మాట ఒకటుంది. "ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుందాం." అలా అనుకుంటే లెక్క తేలికవుతుంది, జవాబు కుదురుగా వస్తుంది. అలా అనుకున్నప్పుడు కంప్యూటరు కష్టాన్ని అందరికీ సమానంగా పంచిపెడుతుంది. అప్పుడు ఏ ఒక్కరికీ మోయలేనంత రాదు. బయట కష్టం అలా సమానంగా రాదు. వచ్చిన గుమ్మానికే మళ్లీ వస్తుంది, పైగా పక్కింటివాళ్లను కూడా కలుపుకుని వస్తుంది. ఇది నేను పుస్తకాల్లో చదవలేదని కాదు. బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను కూడా.

ఇప్పుడు మా ల్యాబులో విద్యార్థులు ర్యాండమ్ వేరియేట్ తీసే ప్రతి లైను పక్కనా, ఈ అంకె ఎవరిదో తెలుగులో రాయాలి. బస్సుదా, మనిషిదా, మిషనుదా? ఇవాళ తీసింది రేపటికీ ఉంటుందా, ఎంతమందికి వర్తిస్తుంది? కొందరు విసుక్కుంటారు. పోయిన సెమిస్టరులో ఒకమ్మాయి "మేడం, ఇది ఎవరిదో నాకు తెలియదు, డేటాలో లేదు," అంది.

"అయితే ప్రోగ్రాం నడపొద్దు. వెళ్లి అడిగి రా," అన్నాను.